కొండ కోట ఎందుకు లొంగింది?

ఉదయగిరి దుర్గం చూడబోయినవాళ్ళు కొండ కింద నిలబడి తల పైకెత్తగానే అడిగే ప్రశ్న ఒకటే. ఇంత ఎత్తున ఉన్న కోటను ఎవరైనా ఎలా పట్టుకోగలిగారు? నెల్లూరు జిల్లా వాయవ్య మూలన, వెలిగొండలకు తూర్పు వారగా నిలిచిన ఈ కొండ సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తు, అంటే సుమారు 940 మీటర్లు. పక్కలు కొన్నిచోట్ల వెయ్యి అడుగుల దాకా నిట్టనిలువు చరియలు. పాత గెజిటీర్లు చెప్పే లెక్కలో ఒకప్పుడిక్కడ పదమూడు కోటలుండేవి, ఎనిమిది కొండమీద, అయిదు కొండ కింద. పైకి పోయే ప్రతి దారినీ ఏదో ఒక గోడ కనిపెట్టుకుని ఉండేది.

అయినా ఆ కోట చేతులు మారుతూనే వచ్చింది. ఒడిశా గజపతుల నుంచి కృష్ణదేవరాయలకు, విజయనగరం చితికిన తర్వాత గోల్కొండ సుల్తాన్లకు, ఆపైన ఆర్కాటు నవాబుల కాలంలో ఒక జాగీర్దారు కుటుంబానికి, చివరకు ఈస్టిండియా కంపెనీకి. ఏలినవాళ్ళ పేర్లు చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. కొండ ఎత్తు ఏం చేసింది, ఏం చెయ్యలేకపోయింది, ఎప్పుడు పనికిరాకుండా పోయింది అన్నది మాత్రం అక్కడ దొరకదు. దానికి కొంచెం భౌతికశాస్త్రం, కొంచెం నీటి లెక్క కావాలి. ఈ అధ్యాయంలో ఆ లెక్కలే చూద్దాం. కూడికలు, గుణకారాలు వచ్చినవాళ్ళెవరైనా వెంట రావచ్చు.

ఎత్తు అంటే దాచిపెట్టిన కష్టం

ధాన్యం బస్తాను అటక మీదికి ఎక్కించిన మనిషికి ఒళ్ళంతా చెమట పడుతుంది. ఆ కష్టం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, బస్తాలోనే ఉంది. అటక చెక్క విరిగి అదే బస్తా కిందపడితే కింద ఉన్న గాబు పగులుతుంది. గాబును పగలగొట్టింది ఆ మనిషి పొద్దున పడ్డ కష్టమే. ఎత్తున ఉన్న వస్తువులో ఇలా దాగి ఉండే శక్తిని స్థితిశక్తి అంటారు. ఎంత బరువు, ఎంత ఎత్తు అన్న రెంటిమీదే అది ఆధారపడుతుంది. ఎవరు ఎక్కించారు, ఎన్నాళ్ళ కిందట ఎక్కించారు అన్నదాంతో దానికి పనిలేదు.

కొండ కోటకు ఈ అటక ఉచితంగా దొరికింది. చరియ అంచున ఉన్న బండలను ఎవరూ పైకి మోయలేదు. భూమి కదలికలూ కోట్ల ఏళ్ళ కోతా కలిసి వాటిని అక్కడ నిలబెట్టాయి. కాపలావాడు గడ్డపారతో కదిలిస్తే చాలు. మూడు వందల కిలోల బండ మూడు వందల మీటర్ల ఎత్తు నుంచి పడితే దానికి వచ్చే శక్తి, పదకొండు కిలోల ఇనప గుండు సెకనుకు నాలుగు వందల మీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఉండే శక్తితో సమానం. ఆ ఇనప గుండు పద్దెనిమిదో శతాబ్దపు పెద్ద ముట్టడి ఫిరంగిది. అంటే మందు, ఇనుము, ఫిరంగి ఏమీ లేకుండానే కొండమీది పేద సిపాయి చేతిలో ఒక పెద్ద ఫిరంగి దెబ్బ ఉన్నట్టు. గురి కుదరదన్నది నిజమే. ఒక్కొక్కరే నడవగలిగిన ఇరుకు దారి మీదికి దొర్లించేవాడికి గురితో అంత పనిలేదు.

కింద నుంచి పైకి కొట్టేవాడి సంగతి చూడండి. మంచి విల్లు నుంచి బాణం సెకనుకు సుమారు యాభై మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. గాలి అడ్డు అసలు లేదనుకున్నా, సూటిగా పైకి వేస్తే అది 130 మీటర్లు ఎక్కేసరికి ఆగిపోతుంది. మూడు వందల మీటర్ల చరియ అంచుకు చేరనే చేరదు. పైనుంచి వదిలిన బాణానికి మాత్రం కిందికి వచ్చేకొద్దీ వేగం కలిసొస్తుంది. విల్లంబుల కాలంలో కొండ కోటలన్నింటి ధైర్యం ఈ ఒక్క తేడాలో ఉంది. కొండవీడు, కొండపల్లి, గుత్తి, ఉదయగిరి, వీటన్నింటినీ కట్టినవాళ్ళకు ఈ సూత్రం పేరు తెలియకపోవచ్చు. ఫలితం బాగా తెలుసు.

ఎత్తు ఇచ్చే రెండో లాభం చూపు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎత్తుకు పోయేకొద్దీ దిగంతం దూరం జరుగుతుంది. నెల్లూరు తీరంలో ఇసుక మీద నిలబడ్డ మనిషికి సముద్రం అయిదు కిలోమీటర్ల లోపే ఆకాశంలో కలిసిపోతుంది. అదే 940 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే ఆ గీత 109 కిలోమీటర్ల దూరానికి పోతుంది. ఉదయగిరి నుంచి నేరుగా తూర్పుకు, కావలి దగ్గర సముద్రం ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంటే క్షేత్రగణితం లెక్కలో సముద్రం ఆ శిఖరం చూపులోనే ఉంది. మామూలు రోజుల్లో గాలిలోని దుమ్ము, తేమ అంత దూరపు చూపును మింగేస్తాయి. అందులో నాలుగోవంతు దూరం కనిపించినా, మైదానంలో దుమ్ము లేపుకుంటూ వచ్చే సేన సంగతి కోటకు ఒక రోజు ముందే తెలిసిపోతుంది. ఎడ్లబండ్లతో నడిచే సైన్యం రోజుకు ఇరవై కిలోమీటర్లు దాటడమే గొప్ప.

పైన నీళ్ళు, కింద లెక్క

కొండ కోటకు అసలు పరీక్ష బాణమూ కాదు, బండా కాదు. నీళ్ళు.

కింద నుంచి మోసుకుపోవచ్చు కదా అనిపిస్తుంది. లెక్క వేద్దాం. అరవై కిలోల మనిషి ఇరవై లీటర్ల నీళ్ళతో ఆరు వందల మీటర్లు ఎక్కడానికి సుమారు అయిదు వందల కేలరీల ఆహారం ఖర్చవుతుంది. మన కండరాలు తిన్న తిండిలో నాలుగోవంతు కంటే తక్కువే పనిగా మార్చగలవు, మిగిలింది వేడై పోతుంది. అయిదు వందల కేలరీలంటే కష్టజీవి రోజు తిండిలో దాదాపు అయిదోవంతు. నీళ్ళు మోసినవాడికి మళ్ళీ నీళ్ళు కావాలి, చెమట పట్టింది కదా. శాంతికాలంలో ఇది సాగుతుందేమో గాని ముట్టడిలో దారి మూసుకుపోయిన మర్నాడే ఆగిపోతుంది. కాబట్టి నీళ్ళు పైనే పుట్టాలి, పైనే నిలవాలి.

ఉదయగిరిని కృష్ణదేవరాయలు ముట్టడించిన సంగతి పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. ఆయన లెక్కలో కోటలో పదివేల మంది కాల్బలం, నాలుగు వందల గుర్రాలు. రాయల వెంట ముప్ఫై నాలుగు వేల మంది, ఎనిమిది వందల ఏనుగులు. ముట్టడి ఏడాదిన్నర సాగింది. నూనిజ్ అంకెల్లో కొంత పెంపకం ఉంటే ఉండవచ్చు. అవే తీసుకుందాం, ఎందుకంటే ఎక్కువ అంకెకు సరిపోతే తక్కువకూ సరిపోతుంది.

మనిషికి రోజుకు అయిదు లీటర్లు, తాగడానికీ వండుకోవడానికీ మాత్రమే. గుర్రానికి ముప్ఫై. రెండూ కలిపితే రోజుకు 62,000 లీటర్లు. ఇప్పుడు వాన. ఏడాదికి 70 సెంటీమీటర్లు అనుకుందాం. ఎకరం నేల మీద అంత వాన పడితే 28 లక్షల లీటర్లు. రాతి నేల ఇసుక నేలలా నీటిని తాగెయ్యదు, అయినా సగం పోతుందని అనుకుంటే చేతికి వచ్చేది 14 లక్షల లీటర్లు. అంటే ఒక్క ఎకరం రాతి వాలు ఆ దండు మొత్తానికి ఇరవై రెండు రోజులు నీళ్ళిస్తుంది. పదహారు, పదిహేడు ఎకరాల వాలు నీటిని ఒక చోటికి మళ్ళిస్తే ఏడాది గడుస్తుంది. అంత పెద్ద కొండకు పదిహేడు ఎకరాలు ఒక లెక్క కాదు.

మరి చిక్కెక్కడ? మన తీరానికి వాన ముఖ్యంగా ఈశాన్య రుతుపవనంతో వస్తుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రెండు మూడు నెలల నీటిని తొమ్మిది నెలలు దాచుకోవాలి. ఏడాదికి కావలసిన రెండు కోట్ల పాతిక లక్షల లీటర్లకు నూరు మీటర్ల పొడవు, డెబ్భై అయిదు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు ఉన్న చెరువు కావాలి. కాని నెల్లూరు ఎండలకు ఆరుబయట నీరు ఏడాదికి మీటరున్నర నుంచి రెండు మీటర్ల మందం ఆవిరైపోతుంది. మూడు మీటర్ల చెరువులో సగం పైన సూర్యుడే తాగేస్తాడు. ఆవిరి నీటి పైభాగం నుంచే పోతుంది, లోతుతో దానికి నిమిత్తం లేదు. కనుక అదే నీటిని వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ ఉన్న గుంటల్లో, రాతి నీడలో దాచాలి. కొండ కోటల్లో కనిపించే దొనలు సరిగ్గా అలాంటివే. రాయి పగుళ్ళ వెంట సహజంగా ఏర్పడ్డ లోతు గుంటను ఇంకా చెక్కి, అంచుకు కట్ట వేసి, పైవాలు నీటిని దానిలోకి దింపారు. కోట గోడ చూసి మెచ్చుకునేవాళ్ళు చాలామంది. దొనకు నీరు తెచ్చే సన్నటి కాలవను కనిపెట్టి చూసినవాళ్ళు తక్కువ. కోటలో గొప్ప పనితనం అక్కడే ఉందని నా నమ్మకం.

నీళ్ళు తప్పితే ఏమవుతుందో గుత్తి చెబుతుంది. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఆ కొండ కోటను పట్టుకుని కూర్చుంటే మైసూరు పాలకుడు హైదరాలీ నెలల తరబడి ముట్టడించాడు. కిందికోట పడినా పైకోట లొంగలేదు. చివరికి సంధి మాటలు కుదిరాయి. ఆ రాకపోకల మధ్య, కోటలో నీళ్ళు మూడు రోజులకు మించి లేవన్న సంగతి మురారిరావు మనిషి నోట జారిందని చరిత్రకారుడు విల్క్స్ రాశాడు. హైదరాలీ సంధి మాట మార్చి ముట్టడి మళ్ళీ బిగించాడు. 1776లో గుత్తి లొంగిపోయింది. దొనలో ఎంత నీరుందన్నది కోట దాచవలసిన రహస్యాలన్నింటిలోకి పెద్దది.

ఉదయగిరి కథ వేరు. అది దాహంతో లొంగలేదు. ఒక్కొక్కరే పోగలిగిన ఇరుకు దారి తప్ప కోటకు మరో తోవ లేదనీ, రాయలు కొండలు తొలిపించి, పెద్దపెద్ద గుండ్లు పగలగొట్టించి, ఆ ఇరుకు చోటనే వెడల్పాటి బాట వేయించాడనీ, ఇంకా ఎన్నో బాటలు తీయించాడనీ నూనిజ్ చెబుతాడు. 1513లో మొదలైన ముట్టడి 1514 నడిమికి ముగిసింది. గజపతి ప్రతాపరుద్రుడి బంధువు తిరుమల రౌతరాయుడు పట్టుబడ్డాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తీసుకుపోయి, 1515లో హంపిలో కృష్ణాలయం కట్టించి ప్రతిష్ఠించాడు.

ఏడాదిన్నరలో ఆ సైన్యం ఎక్కువ రోజులు చేసింది యుద్ధం కాదు, రోడ్డు పని. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు అవసరపడుతుంది.

కొండే లేని తీరం

ఇంగ్లీషువాళ్ళు మన తీరానికి వచ్చినప్పుడు వాళ్ళకు కొండ కోట కట్టుకునే వీలు లేదు, అవసరమూ లేదు. 1611లో మచిలీపట్నంలో దిగారు. పులికాట్‌లో డచ్చివాళ్ళు 1613లో కోట కట్టుకుని పాతుకుపోయి, ఇంగ్లీషువాళ్ళను పొసగనివ్వలేదు. దాంతో 1626లో పులికాట్ సరస్సుకు ఉత్తరాన దుగరాజపట్నం చేరి అక్కడ గిడ్డంగి పెట్టి, గోడ కట్టి, ఫిరంగులు ఎక్కించారు. వాళ్ళు ఆ చోటుకు పెట్టుకున్న పేరు ఆర్మగాన్. కంపెనీ భారతదేశంలో కట్టుకున్న తొలి కోట అదే. ఆ ఊరు ఎన్నో ఏళ్ళు నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 విభజనలో తిరుపతి జిల్లాలో కలిసింది.

ఇసుక మైదానంలో కోట కట్టుకున్నవాడికి ఎత్తు ఇచ్చే లాభాలు ఎలా వస్తాయి? చూపు సంగతి ఓడ తీర్చింది. ముప్ఫై మీటర్ల తెరచాప కొయ్య మీద కూర్చున్న మనిషికి దిగంతం ఇరవై కిలోమీటర్ల దూరం. ఆ కొయ్యను ఎక్కడికి కావాలంటే అక్కడికి నడుపుకుపోవచ్చు. తిండి, మందుగుండు, కొత్త మనుషులు సముద్రం మీద వస్తారు. ముట్టడి వేసినవాడికి నౌకలు లేకపోతే కోటకు ఒక వైపు ఎప్పుడూ తెరిచే ఉన్నట్టు.

నీళ్ళ సంగతి మరీ విచిత్రం. సముద్రానికి అంగ దూరంలో ఇసుకలో గుంట తీస్తే మంచినీళ్ళు పడతాయి. మన తీరం రైతులు వాటిని దొరువులంటారు. పక్కనే ఉప్పు సముద్రం ఉంటే తీపినీళ్ళెలా? వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది. ఉప్పునీరు మంచినీటి కంటే నూటికి రెండున్నర పాళ్ళు బరువు. ఆ చిన్న తేడా వల్లే, సముద్రమట్టం పైన ఇసుకలో అడుగు మందం మంచినీరుంటే దాని కింద దాదాపు నలభై అడుగుల మంచినీరు ఉప్పునీటిని నొక్కి నిలబడుతుంది. ఈ లెక్కను మొదట పట్టుకున్నవాళ్ళలో ఒకడు బాడన్ గైబెన్ అనే డచ్చి సైనిక ఇంజనీరు, పంతొమ్మిదో శతాబ్దం చివర. హెర్జ్‌బర్గ్ అనే జర్మన్ కొన్నేళ్ళకు విడిగా అదే తేల్చాడు. లెక్క తిరగబడినప్పుడే ప్రమాదం. దొరువులో నీటిమట్టం అడుగు దిగేలా తోడేస్తే కింద నుంచి ఉప్పునీరు నలభై అడుగులు పైకి రావడానికి సిద్ధపడుతుంది. అందుకే దొరువును లోతుగా తవ్వరు, వెడల్పుగా తవ్వుతారు. కొండమీది దొనకు లోతు మేలు, తీరంలోని దొరువుకు వెడల్పు మేలు. రెండుచోట్లా మనవాళ్ళు దేనికి తగ్గ పని దానికి చేశారు.

గోడ సంగతీ చెప్పుకోవాలి. 1757లో నెల్లూరు ఆర్కాటు నవాబు తమ్ముడు నజీబుల్లా చేతిలో ఉంది. అతను తిరగబడితే కర్నల్ ఫోర్డ్ కంపెనీ సేనతో వచ్చి పెన్న ఒడ్డున ఉన్న ఆ కోటను కొట్టాడు. అది కొండ కోట కాదు, మట్టి గోడ. ఫిరంగులతో గండి కొట్టినా ఫోర్డ్ మనుషులు లోపలికి చొరబడలేక వెనక్కి తిరిగారు. మచిలీపట్నం కోటను రెండేళ్ళలో ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కున్న ఫోర్డే ఇతను. రాతిగోడకు గుండు తగిలితే ఆ అదురు రాయి పొడవునా పాకి పగులు పుట్టిస్తుంది, ఒక రాయి ఊడితే పైవి కూలుతాయి. మట్టి అలా కాదు, గుండు దూరిన చోటే నలిగి దాని ఊపును తినేస్తుంది. దండి గోడ కావాలంటే మట్టి నమ్మదగినదని ఐరోపా కోటల శిల్పులు ఫిరంగుల చేతిలో దెబ్బతిన్న తర్వాత నేర్చుకున్నారు.

ఆర్మగాన్ ఎన్నాళ్ళో సాగలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే, బట్టల బేరం బాగా సాగే చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోయి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసపట్నంలో చోటు సంపాదించాడు. 1640లో మకాం అటు మారింది. అక్కడ లేచిన సెయింట్ జార్జి కోట కూడా ఇసుక మీదే, అలల అంచునే. రాబోయే రెండు శతాబ్దాలు దక్షిణ దేశంలోని కొండ కోటల గతిని నిర్ణయించింది ఆ పల్లపు కోట.

గుండుకు ఎత్తు అడ్డు కాదు

ఫిరంగి వచ్చాక కొండ కోటలు పోయాయి అని అందరూ అనుకునే మాట. సగమే నిజం.

నిజమైన సగం ఇది. సెకనుకు నాలుగు వందల మీటర్ల వేగంతో బయలుదేరిన గుండు మూడు వందల మీటర్లు పైకి ఎక్కితే భూమ్యాకర్షణ వల్ల ఎంత వేగం పోగొట్టుకుంటుంది? ఎనిమిది మీటర్లు కూడా కాదు. గాలి అడ్డు దానికంటే ఎక్కువ తింటుంది. బాణాన్ని నూటముప్ఫై మీటర్ల దగ్గర ఆపేసిన ఎత్తు, గుండును గమనించను కూడా గమనించదు. వేగం రెట్టింపయితే ఎక్కే శక్తి నాలుగింతలవుతుంది, బాణానికీ గుండుకీ వేగంలో తేడా ఎనిమిదింతలు. ఆ ఎనిమిదిని ఎనిమిదితో గుణిస్తే అరవై నాలుగు. కొండ ఎత్తు విలువ ఒక్కసారిగా అంతలో ఒక వంతుకు పడిపోయింది.

పైనున్నవాడి ఫిరంగికి ఎత్తు చేటే చేసింది. గొట్టాన్ని బాగా కిందికి వంచితే గుండు జారి బయటికి వస్తుంది, జారకుండా పీచు ఉండ కుక్కాలి. బండి చట్రం కొంతవరకే వంగనిస్తుంది. మైదానంలో పేల్చిన గుండు నేలను తాకి ఎగిరెగిరి పోతూ వరసలు వరసలుగా మనుషులను కూలుస్తుంది. పైనుంచి ఏటవాలుగా దిగిన గుండు తగిలిన చోటే భూమిలో దిగబడిపోతుంది. కొండ వాలు మధ్యలో ఉబ్బుగా ఉంటే దాని కింది భాగం పైవాళ్ళకు అసలు కనిపించదు, శత్రువు అక్కడ నిశ్చింతగా కూర్చోవచ్చు.

నిజం కాని సగం దారిలో ఉంది. 24 పౌండ్ల గుండు పేల్చే ముట్టడి ఫిరంగి గొట్టం ఒక్కటే రెండున్నర టన్నుల బరువు. గోడను పగలగొట్టాలంటే దాన్ని కొన్ని వందల గజాల దగ్గరకు తేవాలి. మైలు దూరం నుంచి పేలిస్తే గుండు చేరుతుందేమో గాని ఒకే చోట పదేపదే తగలదు, తగలకపోతే గండి పడదు. కాబట్టి కొండ కోటను కాపాడింది ఎత్తు కంటే ఎక్కువగా వాలు. రెండున్నర టన్నులను వాలు మీదికి ఎక్కించలేనంతకాలం కోట క్షేమం.

ఆ పని చేసి చూపించింది 1791లో కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేన. టిప్పు సుల్తాను చేతిలోని నందిదుర్గాన్ని మేజర్ గౌడీ నాయకత్వంలో ముట్టడించినప్పుడు, ఏటవాలు కొండ మీద బాట తొలిచి, ఏనుగుల బలంతో, మనుషుల బలంతో ఫిరంగులను పైకి లాగారు. మూడు వారాల్లో గండి పడింది, అక్టోబరులో కోట పడింది. డిసెంబరులో సావనదుర్గం కూడా అలాగే. ఎవరికీ లొంగవని పేరుపడ్డ కొండలవి. ఉదయగిరి దగ్గర రాయల మనుషులు గుండ్లు పగలగొట్టి బాట వేసిన పనికీ, నంది కొండ మీద కంపెనీ కూలీలు చేసిన పనికీ మధ్య దాదాపు మూడు వందల ఏళ్ళు. పని ఒకటే, పట్టిన కాలం ఏడాదిన్నర నుంచి మూడు వారాలకు దిగింది. రాయలు మనుషుల కోసం బాట వేశాడు, ఆ మనుషులు మళ్ళీ పైకి పోయి గోడతో, బండలతో పోరాడాలి. గౌడీ ఫిరంగి కోసం బాట వేశాడు. ఫిరంగి చేరాల్సిన చోటికి చేరాక మిగతా ఎత్తును గుండు చూసుకుంది.

దక్షిణాదిలోని ప్రతి కొండ కోట యజమానికీ ఈ వార్త చేరి ఉంటుంది. ఆ తర్వాత కొండ ఎక్కి తలుపులు మూసుకోవడం ధైర్యం కాకుండా పోయింది.

జాగీరు పోయిన తీరు

1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ చేతికి వచ్చింది, నెల్లూరుతో సహా. ఉదయగిరి అప్పటికి ముస్తఫా అలీ ఖాన్ వంశంవాళ్ళ జాగీరు. కంపెనీ దాన్ని వాళ్ళకే ఉంచింది. కోటలో తన సిపాయిలను కూర్చోబెట్టడం కంటే అది చౌక. కొండమీద దండు ఉంటే గింజ గింజా పైకి మోయించాలి, ఆ మోతలో ఎంత తిండి కరిగిపోతుందో నీళ్ళ లెక్కలో చూశాం. కొండపల్లిలో కంపెనీ చాలా ఏళ్ళు సిపాయిలను ఉంచి, ఖర్చు దండగని 1859లో ఎత్తేసింది.

1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఫిరంగులూ మందుగుండూ పోగేస్తున్నాడని కంపెనీకి తెలిసి సైన్యం పంపింది. కోటలో పెద్ద ఆయుధాగారమే బయటపడింది. జోహరాపురం దగ్గర జరిగిన పోరులో నవాబు పట్టుబడి తిరుచిరాపల్లి జైలుకు పోయాడు. అదే కుట్రలో ఉన్నాడన్న అభియోగంతో ఉదయగిరి జాగీర్దారును చెంగల్పట్టుకు తరలించారు. జాగీరు పోయింది. ఏడాదిన్నర ముట్టడిని తట్టుకున్న కొండ, ఉత్తరాల మీదా ఉత్తర్వుల మీదా కంపెనీ చేతికి వచ్చింది. జాగీర్దారు పైకి పోయి తలుపులు మూసుకుని ఉంటే కొన్నాళ్ళు నిలిచేవాడేమో. మద్రాసు నుంచి ఎన్ని ఫిరంగులైనా, ఎన్ని నెలలైనా వస్తూనే ఉంటాయి. కోట కొనిపెట్టేది కాలాన్ని మాత్రమే. ఆ కాలంలో సాయం వచ్చే దిక్కు ఉన్నప్పుడే దానికి విలువ, 1839 నాటికి ఆ దిక్కు ఎక్కడా మిగల్లేదు.

ఎత్తు మాత్రం కంపెనీకి మరో పనికి వచ్చింది. సర్వే అధికారి విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పక్కన మొదటి ఆధార రేఖ కొలిచి, కోణాలు కొలిచే అర టన్ను బరువున్న థియొడలైటును కొండ నుంచి కొండకు, గోపురం నుంచి గోపురానికి మోయిస్తూ దేశాన్ని త్రిభుజాలుగా కొలవడం మొదలుపెట్టాడు. 1811లో గుత్తి దగ్గర మరో ఆధార రేఖ కొలిచాడు. హైదరాలీ ముట్టడికి ముప్ఫై అయిదేళ్ళ తర్వాత, అదే కొండ సీమలో ఎత్తు కోసం వెతికినవాళ్ళు గొలుసులు, దుర్భిణులు పట్టుకున్నవాళ్ళు. ఒక కొండ మీద నుంచి మరో రెండు కొండల మధ్య కోణం కొలిస్తే చాలు, దూరాన్ని నడిచి కొలవనక్కరలేదు. కొండ ఎంత పొడుగో కూడా కోణంతోనే తేలుతుంది. ఉదయగిరి 3,079 అడుగులని గెజిటీర్లలో అంకె వేసుకోగలగడం ఇలాంటి కొలతల పరంపర వల్లే.

ఇప్పుడు పైన గోడలు విరిగి ఉన్నాయి, గుళ్ళూ మసీదూ సమాధులూ తుప్పల మధ్య ఉన్నాయి. గుప్తనిధుల ఆశతో కొండ కోటల్లో తవ్విపారేసే మూఢులకు దొనల విలువ తెలియదు. దొన అడుగున పేరుకున్న మట్టిలో వందల ఏళ్ళ పూల పుప్పొడి, బొగ్గు, ఎముకల ముక్కలు పొరలు పొరలుగా ఉంటాయి. ఏ కాలంలో వాన ఎంత, ఏ చెట్లు ఎక్కువ, దండు ఎప్పుడు కిక్కిరిసి ఉంది అన్న సంగతులు ఆ పొరల నుంచి చదివే పద్ధతులు నేడు ఉన్నాయి. ఒక్కసారి గునపం పడితే పొరలు కలిసిపోతాయి, మళ్ళీ చదవలేం.

ఆ పొరలు చదవడానికి ముందు చెయ్యగల పని ఇంకొకటి ఉంది, పెద్ద పరికరాలు అక్కరలేనిది. ఉదయగిరి బడిపిల్లలు ఒక టేపు, ముడులు వేసిన తాడు, ఒక వానమాపకం తీసుకుని పెద్దవాళ్ళ తోడుతో వెళ్తే, ప్రతి దొన పొడవు, వెడల్పు, లోతు రాసుకోవచ్చు. దానిలోకి దిగే వాలు ఎన్ని ఎకరాలో కొలవవచ్చు. డిసెంబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి నీటిమట్టం చూస్తే ఎండ ఎంత తాగిందో తేలుతుంది. నేను పైన వేసిన 62,000 లీటర్ల లెక్కను ఆ కొలతల పక్కన పెట్టి, నూనిజ్ చెప్పిన పదివేల మంది ఆ కొండమీద ఏడాదిన్నర బతకడం సాధ్యమో కాదో వాళ్ళే తేల్చవచ్చు.